ఎర్రబడని నీలి కాగితం

పెద్ద టీచరమ్మ నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. పరీక్షలో ఏ ప్రశ్నలు వస్తున్నాయో చచ్చినా చెప్పనని ప్రతి ఏడూ క్లాసులో గట్టిగా ప్రకటించేది. ఆ ప్రకటన పూర్తయి గంట కొట్టేలోపల సగం ప్రశ్నలు బయటికి వచ్చేసేవి. తర్వాత హెడ్మిస్ట్రెస్ పిలిచి అడిగితే, ‘నేనెక్కడ చెప్పానండీ, పిల్లలే నా మొహం చూసి కనిపెట్టేశారు’ అనేది. అంతటి మనిషి, ఆ బడిలో ముప్ఫై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు ఒక పీరియడ్ మొత్తం నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది. అదీ ఎవరి ముందు? స్వయానా కోడలి ముందు.

కోడలు కూడా టీచరే. అదే బడి, అదే గది, అదే సబ్జెక్టు. అత్తగారు ఖాళీ చేసిన ఉద్యోగానికి రాతపరీక్ష పెడితే, అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని చేరింది. చేరితే ఏం లాభం? టెంపరరీ. పైగా ఆ మార్కుల సంగతి ఆమెకి తప్ప ఎవరికీ గుర్తులేదు. టీ తెచ్చే ఆవిడ దగ్గర్నుంచి హెడ్మిస్ట్రెస్ దాకా అందరికీ ఆమె ‘పెద్ద టీచరమ్మగారి కోడలు’. ఆఫీసు గుమాస్తా ఫోన్లో ఆమె నంబరు కూడా ఆ పేరుతోనే ఉంది. ఆమె పాఠం బాగా చెబితే ‘మరి ఊరికే వస్తుందా, రక్తంలోనే ఉంది’ అనేవారు. కోడలికి అత్తగారి రక్తం ఎలా వస్తుందని జీవశాస్త్రం టీచరుకైనా అనుమానం రాలేదు.

నిజం చెప్పాలంటే ఆ పిలుపు పెద్ద టీచరమ్మకి బాగానే ఉండేది. రిటైరయ్యాక మనిషిని తలుచుకునేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి? కోడలి పుణ్యమా అని రోజుకి పదిసార్లు ఆవిడ పేరు ఆ వరండాల్లో వినిపిస్తూనే ఉంది. అందుకని ఆవిడ ఎవరినీ సరిదిద్దలేదు. ‘అయ్యో, దాని తెలివి దానిదేనండీ’ అని ఒకటి రెండు సార్లు అన్నది గానీ, ఆ అనడంలో, దాని తెలివి దానిది కాదేమో అని అవతలివాళ్ళకి అనుమానం వచ్చేటట్టు అన్నది.

ఇలా ఉండగా ఉద్యోగం పర్మినెంటు చేసే రోజు వచ్చింది. బడి కమిటీ వాళ్ళు వచ్చి వెనక కుర్చీల్లో కూర్చుంటారు. కోడలు వాళ్ళ ముందు ఒక పాఠం చెప్పాలి, ఒక ప్రయోగం చేసి చూపించాలి. కమిటీ అధ్యక్షుడు మందుల షాపాయన, పెద్ద టీచరమ్మ పాత శిష్యుడు. ఆయన స్వయంగా ఇంటికి ఫోన్ చేసి, ‘టీచరమ్మా, మీరు రాకపోతే ఎలా? మీ కోసం మెత్తటి కుర్చీ వేయిస్తున్నాం’ అన్నాడు. ఆవిడ మురిసిపోయింది.

కోడలు మురిసిపోలేదు. ఆ సాయంత్రం టీలు అయ్యాక, కప్పు తుడుస్తూ, “అత్తయ్యా, రేపు మీరు రాకపోతే బావుంటుందేమో” అంది.

కప్పు అప్పటికే పొడిగా ఉంది. ఆ పిల్లకి తుడవడం ఒక పిచ్చి. గ్లాసు మీద చుక్క కనబడితే ఆమెకి నిద్రపట్టదు. పెళ్ళైన కొత్తలో ఆమె గొడుగుని కూడా బట్టతో తుడిచి లోపల పెడుతుంటే పెద్ద టీచరమ్మ గుడ్లప్పగించి చూసింది. ఆవిడ పద్ధతి వేరు. ఆవిడ హయాంలో ప్రయోగశాలలో గాజు జాడీలు కుళాయి కింద ఒకసారి తిప్పి, తడిబట్ట మీద బోర్లించడమే. అవి ఏ రోజూ పూర్తిగా ఆరిన పాపాన పోలేదు.

“ఎందుకు రాకూడదు? నేనేమైనా పరాయిదాన్నా?” అంది పెద్ద టీచరమ్మ.

“పరాయివాళ్ళయితే భయం లేదు. పరాయివాళ్ళు మధ్యలో మాట అందించరు.”

“నేనెప్పుడు అందించాను?”

అక్కడే కూర్చుని బూట్లకి పట్టిన గ్రీజు గీకుతున్న కొడుకు తలెత్తాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా ఇద్దరి బరువు మోసే పెట్టెల్లో ఇరుక్కోవడం అతనికి అలవాటే గనక, ఇంట్లో వీళ్ళిద్దరి మధ్య కూడా నిబ్బరంగానే ఉంటాడు. “అమ్మా, నువ్వు సినిమా హాల్లో హీరోకే సలహాలిస్తావు. విలన్ తలుపు వెనకున్నాడురా అని అరిచావు, గుర్తుందా? ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు” అన్నాడు.

“వాడు తలుపు వెనకే ఉన్నాడు కదరా.”

“అదేనమ్మా చెబుతున్నది.”

కోడలు నవ్వలేదు. కప్పు కింద పెట్టి, అత్తగారి ఎదురుగా కూర్చుంది. “అత్తయ్యా, కోపం తెచ్చుకోకండి. రేపు మీరు ఒక్క మాట అందించారనుకోండి, నాకు ఉద్యోగం వస్తే మీరు ఇప్పించారంటారు. రాకపోతే, పక్కన పెద్దావిడ ఉండి కూడా దీనివల్ల కాలేదంటారు. ఎటు చూసినా నేనక్కడ లేనట్టే. ఒక్కసారి నేనే చేసుకోవాలి. చెడగొట్టుకున్నా నేనే చెడగొట్టుకోవాలి.”

పెద్ద టీచరమ్మకి గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. కోపం కాదు. కోపమైతే వెంటనే నోట్లోంచి వచ్చేసేది. బాధ వేసింది, దాని వెనకే కాస్త సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే ఆ పిలుపు విని ఇన్నాళ్ళూ తను లోపల్లోపల మురిసిపోయిన సంగతి ఆవిడకి తెలుసు.

“సరే, వస్తాను గానీ నోరెత్తను. సరేనా?” అంది.

“దగ్గకూడదు.”

“దగ్గను.”

“గొంతు సవరించుకోకూడదు. తల కూడా ఊపకూడదు. మీ తల ఊపు ఈ ఊళ్ళో సగం మందికి అర్థమవుతుంది.”

“ఊపిరైనా పీల్చుకోవచ్చా, లేక దానికీ పర్మిషన్ కావాలా?”

“నెమ్మదిగా పీల్చుకోండి” అని కోడలు అప్పటికి నవ్వింది.

నవ్వు చూసి పెద్ద టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ప్రాణం లేచొస్తే ఆవిడకి ముందు లేచేది నాలుక. “ఇంతకీ ఏం ప్రయోగం? గంధకమేనా?”

“గంధకమే. జాడీలో గంధకం మండించి, వచ్చిన వాయువులో నీలి లిట్మస్ కాగితం పెడితే ఎర్రబడుతుంది. వాయువుకి ఆమ్లగుణం ఉందని తెలుస్తుంది. వారంరోజులుగా రోజూ చేసి చూసుకుంటున్నాను, ఒక్కసారి కూడా తప్పలేదు.”

“అది కళ్ళు మూసుకుని చేసినా తప్పదమ్మాయ్. నేను ఎన్నిసార్లు చేసుంటానో లెక్కేలేదు.”

“మీ జాడీలు చూసేవాళ్ళకి కళ్ళు మూసుకోవడమే మంచిది” అంది కోడలు. “రేపటికి మాత్రం కొత్త జాడీలు తీశాను. శుభ్రంగా కడిగి, ఓవెన్లో ఎండబెట్టి, అడుగున కాల్షియం క్లోరైడ్ పోసి, మూతకి గ్రీజు రాసి బిగించి వచ్చాను. లిట్మస్ కాగితాలు కూడా అలాంటి జాడీలోనే పెట్టాను.”

కాల్షియం క్లోరైడ్ అంటే తెల్లటి గులకలు. గాల్లో ఉన్న కాస్తంత తేమని కూడా వదలకుండా పీల్చేస్తాయి. మన కోడలికి చుట్టాలనుకోండి.

“కాగితాలకి కూడా ఒళ్ళు తుడిచావా తల్లీ!” అని పెద్ద టీచరమ్మ బుగ్గ మీద వేలేసుకుంది. కొడుకు బూటుతో మొహం కప్పుకుని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే పెద్ద టీచరమ్మ కాస్త పెందలాడే బయలుదేరి, మందుల షాపులో ఒక పొట్లం పిప్పర్మెంటు బిళ్ళలు కొన్నది. నోటికి పని ఉంటే మాట బయటికి రాదని ఆవిడ ఉపాయం. ‘గొంతు బాగాలేదా టీచరమ్మా?’ అని కొట్లో ఉన్న అమ్మాయి అడిగితే, ‘గొంతు మరీ బాగుంది, అదే ఇబ్బంది’ అంది.

ప్రయోగశాల అంటే పెద్దదేం కాదు. ఒక పొడుగాటి బల్ల, దాని చివర కుళాయి, గోడకి రెండు బీరువాలు, ఎదురుగా బెంచీలు. బల్ల మీద అక్కడక్కడా నల్లటి మచ్చలున్నాయి. అవన్నీ పెద్ద టీచరమ్మ చేతి చలవే. కోడలు ఎన్నిసార్లు రుద్దినా అవి మాత్రం పోలేదు. ఎండలు మండిపోతున్న రోజులు, గాల్లో చెమ్మన్నది లేదు. పిల్లలంతా పెదవులు నాక్కుంటూ కూర్చున్నారు. వెనక కుర్చీల్లో మందుల షాపాయన, కమిటీ వాళ్ళింకో ఇద్దరు, హెడ్మిస్ట్రెస్. వాళ్ళ పక్కనే, అన్నిటికంటే మెత్తటి కుర్చీలో, పెద్ద టీచరమ్మ. బుగ్గలో బిళ్ళ.

“పెద్ద టీచరమ్మగారి కోడలు ఇప్పుడు మనకి పాఠం చెబుతారు” అని హెడ్మిస్ట్రెస్ పరిచయం చేసింది. బల్ల దగ్గర నిలబడ్డ మనిషి మొహంలో ఏదో చిన్నగా ఆరిపోవడం పెద్ద టీచరమ్మకి కనిపించింది. మామూలుగా అయితే ఆవిడ అది చూసేది కాదు. నోరు ఖాళీ లేకపోతే కళ్ళు బాగా పనిచేస్తాయి కాబోలు.

పాఠం చక్కగా మొదలైంది. కోడలు గొంతు హెచ్చించకుండానే చివరి బెంచీ దాకా వినిపించేట్టు చెబుతోంది. పొడుగాటి గరిటెలో పసుపుపచ్చటి గంధకం పొడి వేసి, మంట మీద పెట్టింది. అది కరిగి, అంచున నీలిరంగు మంట లేచింది. జాడీ మూత కాస్త జరిపి గరిటెని లోపలికి దింపింది. తెల్లటి పొగ సుడి తిరిగింది. ముందు బెంచీ పిల్లలు ఒకరి వెంట ఒకరు దగ్గారు. మందుల షాపాయన ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద టీచరమ్మకి దగ్గొచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా బిగబట్టి దగ్గుని మింగేసింది.

కోడలు గరిటె తీసేసి, మూత పెట్టి, పట్టకారుతో నీలి కాగితం ముక్క ఒకటి అందరికీ చూపించింది. “ఇప్పుడు దీన్ని లోపల పెడుతున్నాను. చూస్తూ ఉండండి.”

చూస్తూ ఉన్నారు. కాగితం నీలంగా ఉంది.

ఇంకా చూశారు. ఇంకా నీలంగానే ఉంది.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో ముందుకి జరిగింది. కోడలు కాగితాన్ని కాస్త కదిపి, మళ్ళీ నిలబెట్టింది. వెనక ఎవరిదో సన్నటి నవ్వు వినిపించి ఆగిపోయింది.

పెద్ద టీచరమ్మ హయాంలో ఎన్నడూ ఇలా కాలేదు. కళ్ళు మూసుకుని చేసినా తప్పని ప్రయోగం ఇవాళే తప్పాలా? అంతలోనే ఆవిడ బుర్రలో కారణం తళుక్కున మెరిసింది. కాగితం! లిట్మస్ కాగితం పాతబడిపోయింది. బీరువా కింది అరలో వెనకాల కొత్త కట్ట ఉండాలి, తను స్వయంగా పెట్టింది. ఒక్క మాట చాలు. ‘అమ్మాయ్, కాగితం మార్చు.’ అంతే. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది. ఆవిడకి తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచింది. ఒళ్ళో ఉన్న సంచీ కింద పడి చప్పుడైంది.

కోడలు తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుగా ఉంది. వద్దు అత్తయ్యా.

పెద్ద టీచరమ్మ సంచీ అందుకోవడానికే లేచినట్టు వంగి, దాన్ని తీసుకుని కూర్చుంది. రెండో పిప్పర్మెంటు బిళ్ళ కూడా నోట్లో వేసుకుంది. ఆవిడ జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదంటే మీరు నమ్మాలి. కొడుకుని కన్నప్పుడైనా అరవడానికి స్వేచ్ఛ ఉండేది.

“ఎర్రబడలేదు” అంది కోడలు పిల్లలతో. “ఎందుకు పడలేదు? మీకేమనిపిస్తోంది?”

“కాగితం పాడైపోయిందేమో టీచర్” అన్నదొక పిల్ల.

పెద్ద టీచరమ్మ మనసులోనే ఆ పిల్లకి నూటికి నూరు మార్కులు వేసింది.

“చూద్దాం” అని కోడలు అదే కట్టలోంచి ఇంకో కాగితం తీసి, బల్ల మీదున్న వెనిగర్ సీసాలో అంచు ముంచింది. ముంచీ ముంచగానే ఎర్రబడింది. “కాగితం బాగానే ఉంది.”

పెద్ద టీచరమ్మ బుగ్గలో బిళ్ళ కదలడం మానేసింది. కాగితం బాగానే ఉందా? అయితే గంధకం కల్తీ అయ్యుంటుంది. ఈ రోజుల్లో ఏది స్వచ్ఛంగా దొరుకుతోంది కనక?

“గంధకం మంచిది కాదేమో!” అని ఇంకో గొంతు.

“మంచిది కాకపోతే ఇందాక మీరంతా ఎందుకు దగ్గారు? మంట నీలంగా వచ్చింది, ఘాటు వచ్చింది. గ్యాసు జాడీ నిండా ఉంది. కావాలంటే ఎవరైనా వచ్చి మూత దగ్గర ముక్కు పెట్టండి.”

ఎవరూ రాలేదు. పెద్ద టీచరమ్మ దగ్గరున్న సరుకు అయిపోయింది. ఇంక ఆవిడకి ఏ కారణమూ తోచలేదు. ఇందాక నోరు జారి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసొచ్చింది. ఆవిడ మాట వేదవాక్కులాగా అందరూ తలలూపేవాళ్ళు. కొత్త కట్ట తెచ్చేవాళ్ళు. అదీ నీలంగానే మిగిలేది. కోడలితో పాటు ఆవిడ పరువు కూడా ఆ జాడీలో కలిసేది.

ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి చెయ్యెత్తింది. “టీచర్, పెద్ద టీచరమ్మగారు చేస్తే ఎర్రబడేదంట. మా అమ్మ చెప్పింది.”

పెద్ద టీచరమ్మకి నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. ఇంకో రోజయితే ఆ మాటకి వారంరోజులు సంబరపడేది.

కోడలు మాత్రం ఆ పిల్లవైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఒక చేతిలో నీలి కాగితం, ఒక చేతిలో ఎర్రబడ్డ కాగితం. చూస్తూ చూస్తూ ఆమె కనుబొమలు పైకి లేచాయి.

“అవును, ఎర్రబడేది. మొన్న నేను చేసినా ఎర్రబడింది” అంది నెమ్మదిగా. “మొన్నటి దానికీ ఇవాళ్టి దానికీ తేడా ఏంటి? ఇలా రా. ఈ రెండు కాగితాలూ పట్టుకుని చూడు. రంగు సంగతి వదిలెయ్. ఇంకేం తేడా ఉంది?”

పిల్ల వచ్చి రెండూ వేళ్ళతో నలిపి చూసింది. “ఇది తడిగా ఉంది టీచర్. ఇదేమో గలగలా అంటోంది.”

“అదీ!” అంది కోడలు. ఇక్కడ ఆమె కంట్లోంచి ఒక బొట్టు రాలి కాగితం మీద పడి ఎర్రబడిందని రాస్తే కథ మహా రక్తి కట్టేది. ఏం చెయ్యను, ఆమె ఏడవలేదు. కుళాయి తిప్పింది. మూడో కాగితం నీళ్ళలో ముంచి ఎత్తి చూపించింది. “వట్టి నీళ్ళకి ఎర్రబడిందా?”

“లేదు టీచర్.”

“గ్యాసుకి ఎర్రబడిందా?”

“లేదు టీచర్.”

“ఇప్పుడు రెండూ కలుపుదాం.”

తడి కాగితాన్ని జాడీలోకి దింపింది. పట్టకారు ఇంకా పూర్తిగా లోపలికి వెళ్ళనే లేదు, అంచు ఎర్రబడింది. కళ్ళ ముందే కాగితమంతా ఎర్రగా అయిపోయింది. పిల్లలు ‘ఓ’ అని అరిచారు. వాళ్ళతో పాటు ‘ఓ’ అన్న గొంతుల్లో ఒకటి ముసలిది. అదృష్టవశాత్తూ ఆ గోలలో ఎవరూ పోల్చుకోలేదు.

“చూశారా? జాడీలో ఉన్నది ఆమ్లం కాదు. నీళ్ళు దొరికితే ఆమ్లమవుతుంది. ఆమ్లంలోంచి నీళ్ళు లాగేస్తే మళ్ళీ ఇదే మిగులుతుంది. ఇలాంటి దాన్ని అన్‌హైడ్రైడ్ అంటారు, అంటే నీళ్ళు లేనిదని. సోడా సీసాలో గ్యాసు కూడా అంతే. మనం ఊపిరి వదిలినప్పుడు అదే గ్యాసు బయటికొస్తోంది, దాంతో ఎవరికీ పులుపు తెలీదు. నీళ్ళలో కలిస్తే మాత్రం నాలుక చురుక్కుమంటుంది.” కోడలు ఒక్క క్షణం ఆగి, వెనక కుర్చీలవైపు కూడా చూసి చెప్పింది. “ఇంకో మాట. నేను ఎర్రబడుతుందనే అనుకున్నాను. అన్‌హైడ్రైడ్ అంటే నీళ్ళు లేనిదని నాకు తెలుసు, అయినా జాడీని చుక్క లేకుండా ఎండబెట్టాను, కాగితాన్నీ ఎండబెట్టాను. ఎర్రబడటానికి కావలసిందాన్ని నేనే తీసేస్తున్నానని ఇక్కడ నిలబడేదాకా నాకు తట్టలేదు.”

మందుల షాపాయన చప్పట్లు కొడుతూ లేచాడు. మొహమంతా నవ్వే. ఆయన నవ్వింది మాత్రం మెత్తటి కుర్చీవైపు తిరిగి.

“ఇది కదండీ పాఠమంటే! ముందు ఎర్రబడనట్టు చూపించి, పిల్లల్ని తికమక పెట్టి, తర్వాత గుట్టు విప్పడం! ఇది మా టీచరమ్మగారి బుర్రే, నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. మీరే కదూ ఇలా చెయ్యమన్నది? కోడలుగారు పాపం తట్టలేదని ఎంత బాగా నటించారు!”

కమిటీ వాళ్ళు తలలూపారు. హెడ్మిస్ట్రెస్ ‘అదే అనుకున్నాను’ అన్నట్టు నవ్వింది. బల్ల దగ్గర కోడలి చేతిలో ఎర్ర కాగితం అలాగే ఉంది. అంతా ఆమే చేసింది, తప్పూ ఆమెదే, దిద్దుబాటూ ఆమెదే. రెండూ చూస్తుండగానే అత్తగారి ఖాతాలోకి వెళ్ళిపోతున్నాయి.

పెద్ద టీచరమ్మ ఇప్పుడు కూడా ఒట్టు ప్రకారం మాట్లాడకూడదు. మాట్లాడకుండా చిరునవ్వు నవ్వితే చాలు, ఆ కీర్తి ఆవిడదే. ఒకప్పుడైతే ఆ చిరునవ్వు ఆవిడకి చిటికెలో వచ్చేది. ఇవాళ రాలేదు. కోడలివైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, ‘నోరు విప్పనా?’ అన్నట్టు కనుబొమలెగరేసింది. కోడలికి అర్థం కాలేదు గానీ అలసటగా తలూపింది.

పెద్ద టీచరమ్మ బిళ్ళలు రెండూ చేతిరుమాల్లో తీసేసుకుని లేచి నిలబడింది.

“బాబూ, ఇది నా బుర్ర కాదు. నా బుర్రయితే ఇందాక లేచి కాగితం మార్చమనేదాన్ని. సంచీ కోసం లేచాననుకున్నారా? ఆ మాట అనబోయే లేచాను” అంది. “నేను చేస్తే ఎప్పుడూ ఎర్రబడేది, నిజమే. ఎందుకో తెలుసా? నా జాడీ ఒక్కరోజు ఆరితే ఒట్టు. తడి జాడీలో చేశాను, ఎర్రబడింది. గంధకం గ్యాసే ఆమ్లమని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు చెప్పాను. నీకూ అదే చెప్పాను, నువ్వు అదే రాశావు, నేను మార్కులు కూడా వేశాను.”

“మరీ ఎక్కువ వెయ్యలేదు లెండి” అన్నాడు మందుల షాపాయన. అందరూ నవ్వారు. పెద్ద టీచరమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“పుస్తకంలో అన్‌హైడ్రైడ్ అన్న మాట నేనూ చదివాను. చదివించాను. దాన్ని కంటితో చూడ్డం మాత్రం ఇవాళే. ఈవిడ ఎండబెట్టబట్టి చూశాను. ఎర్రబడకపోతే కంగారుపడి దాచెయ్యకుండా, ఎందుకని అడగబట్టి చూశాను. నాకు అలా అడగడం చేతకాదు. నేను నేర్పలేదు బాబూ, నేర్చుకున్నాను.”

మందుల షాపాయన చేతిరుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఈసారి బల్లవైపు తిరిగి, కొంచెం వంగి, “పొరపాటైంది టీచరుగారూ. మేం అడగాల్సిందేమీ లేదు. ఈ గది ఇంక మీదే” అన్నాడు.

కోడలు ‘థాంక్సండీ’ అనబోయి, తుడవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని బల్ల మీద వెతుక్కుంది.

పెద్ద టీచరమ్మ కూర్చుంది. కూర్చున్నది ఊరుకుంటుందా? చెయ్యెత్తింది. మోచెయ్యి తిన్నగా, వేళ్ళు కలిపి, ఎత్తమని తను పిల్లల్ని ఎన్నో ఏళ్ళు సతాయించిన పద్ధతిలోనే ఎత్తింది.

కోడలు చూసింది. కళ్ళు ఒత్తుకుని, పెదవి బిగించి, నవ్వు ఆపుకుంది. “చెయ్యెత్తితే చాలదు. లేచి నిలబడి అడగాలి” అంది.

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్ద టీచరమ్మ లేచి నిలబడింది.

“టీచరుగారూ, నాకో సందేహం. సున్నపు నీళ్ళకి ఎర్ర కాగితం నీలమవుతుంది కదా? మరి పొడి సున్నం తీసుకెళ్ళి పొడి ఎర్ర కాగితం మీద వేస్తే, అది నీలమవుతుందా అవదా?”

“మీరేమనుకుంటున్నారు?”

పెద్ద టీచరమ్మ ఆలోచించింది. జవాబు కోసం ఎప్పటిలాగే నోరు తెరిచింది. అది రాలేదు. బెంచీల్లోంచి ఇన్ని మొహాలు తనకేసే చూస్తున్నాయి.

“తెలీదండీ” అంది. ఆ గదిలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.